ఉపవాసం నాడు ఎండోస్కోపీ

ఎండోస్కోపీ అనగానే అందరూ గొట్టం గురించే భయపడతారు. నేనూ అంతే. అది ఎంత లావుంటుంది, గొంతులో ఇరుక్కుంటే ఊపిరాడుతుందా, వాంతి వస్తే ఏం చేస్తారు అని కనబడినవాళ్ళందరినీ అడిగాను. ఇప్పుడు నన్నెవరైనా అడిగితే గొట్టం గురించి భయపడొద్దనే చెబుతాను. అది పది నిమిషాల పని. నాకు అంతకు ముందూ ఆ తర్వాతా జరిగినదే పెద్దది. మూడో విడత మందు ఎక్కించుకుని ఇంటికొచ్చి ఇవాళ్టికి ఐదు రోజులు. వేళ్ళు తిమ్మిరెక్కి పెన్ను జారిపోతోంది. అయినా కూర్చోగలుగుతున్నాను కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. నాలుగో విడత తర్వాత కూర్చోగలనో లేదో ఎవరూ చెప్పడం లేదు.

నా పేరు సత్యవతి. వయసు నలభై నాలుగు. మాది పార్వతీపురం దగ్గర. మా ఆయన ఆర్మీలో సుబేదారు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఏడు ఊళ్ళు తిరిగి ఇప్పుడు ఢిల్లీ కంటోన్మెంట్‌లో క్వార్టర్‌లో ఉంటున్నాం. ఒక్కతే కూతురు, హారిక, పన్నెండో తరగతి. దానికి తెలుగులో తిడితే బాగా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో ఇస్తుంది. ఇక నా గురించి చెప్పాల్సింది ఒక్కటే, నాకు నోరెక్కువ. మా అక్క అంటుంది, నీ నోటికి లైసెన్సు కావాలే అని. సరదాగానే అంటుంది. నేనూ ఇన్నాళ్ళూ అది గొప్పే అనుకున్నాను.

మే నెలలో మొదలైంది. రెండు చపాతీలు తినేదాన్ని ఒకటి తినేసరికే గొంతుదాకా నిండిపోయినట్టుండేది. గ్యాస్ అనుకున్నాను. ఢిల్లీలో గ్యాస్ జబ్బు కాదు, పలకరింపు. మెట్రోలో పక్కన కూర్చున్నావిడ కూడా మీకు గ్యాసా, నాకూ గ్యాసే అంటుంది. వాము నీళ్ళు తాగాను, ఇంగువ మజ్జిగ తాగాను. పక్క క్వార్టర్‌లో ఉండే గఢ్వాల్ ఆవిడ నేగీ దీదీ నల్ల ఉప్పు వేసి ఏదో పొడి ఇస్తే అదీ తిన్నాను. జూలైకి జాకెట్లు వదులయ్యాయి. పొద్దున్నే నడుస్తున్నాను కదా, సన్నబడ్డానని మురిసిపోయి పాత పంజాబీ డ్రెస్సులు పెట్టెలోంచి తీసి వేసుకున్నాను. ఇప్పుడు ఆ డ్రెస్సులు చూస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

దసరాకి చేసిన పులిహోర నాలుగు ముద్దలు తిని మొత్తం కక్కేశాను. అప్పుడు మా ఆయన ఇంకేమీ వినకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళారు. చూసిన డాక్టరు ఒక లేడీ మేజర్. నాకంటే చిన్నది, ముప్పై ఐదు ఉంటాయేమో. పొట్ట నొక్కి చూసి, బరువెంత తగ్గారని అడిగి, ఎండోస్కోపీ రాసింది. "నవంబరు మొదటి సోమవారం తొమ్మిదింటికి. ఖాళీ పేట్ ఆనా" అంది. కాగితం మీద కూడా ఏదో అచ్చు వేసుంది, ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో. మేమది మడతపెట్టి ఫైల్లో పెట్టుకున్నాం.

ఆ సోమవారం కార్తీక సోమవారం. పెళ్ళికి ముందు నుంచీ నేను కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటాను. అన్నం ముట్టను. పొద్దున పాలు, రెండు అరటిపళ్ళు, చుక్క చూశాకే భోజనం. మా అమ్మ అలాగే ఉండేది. మా అక్క కూడా అంతే. కాబట్టి ఖాళీ కడుపుతో రమ్మంటే మాకు ఇద్దరికీ నవ్వొచ్చింది, ఎలాగూ ఉపవాసమే కదా, వేరే కష్టపడక్కర్లేదని.

తెల్లవారుజామున తలస్నానం చేసి బాల్కనీలో దీపం పెట్టాను. పొగమంచూ పొగా కలిసి ఎదురు బ్లాకు కనబడడం లేదు. వెనక్కి తిరిగేసరికి మా ఆయన వంటింటి గుమ్మంలో గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇరవై ఏళ్ళలో ఆయన నాకోసం పొయ్యి వెలిగించడం అదే మొదటిసారి. పాలు పొంగిపోయి స్టవ్వంతా పాడయింది. పంచదార వేసి, యాలకులు కూడా దంచి వేశారు.

"తాగీ. నీరసంగా ఉన్నావు" అన్నారు.

"ఏటీ తినొద్దన్నారు కదండీ?"

"తినొద్దన్నారు. పాలు తిండేటి? మీయమ్మ సోమవారం ఏటి తాగీది? పాలే కదా. మరలాంటప్పుడు ఏటవుతాది?"

నాకూ సబబుగానే అనిపించింది. అరటిపండు కూడా ఆయనే ఒలిచి ఇచ్చారు. ఒకటి కాదు, రెండు. పాలు చాలా బాగున్నాయి. ఆ మాట అప్పుడు ఆయనకు చెప్పలేదు.

ఆసుపత్రిలో ఎండోస్కోపీ గది బయట కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. అందరూ మాస్కుల్లోంచి దగ్గుతున్నారు, అందరికీ ఆకలి. ఆకలి మీదున్న నలభై మంది ఒకేచోట కూర్చుంటే ఎంత చిరాకుగా ఉంటుందో అక్కడ చూడాలి. నా పక్కన హర్యానా ముసలావిడ ఒకావిడ, కొడుకు జవానట, నా చెయ్యి తీసుకుని తన శాలువా కింద పెట్టుకుంది. "ఠండీ హై తూ తో, బేటీ" అంది. నా చేతులు అప్పటికే చల్లబడిపోయాయని నాకే తెలియదు. నా నంబరు పిలిచేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

కౌంటర్లో ఏమైనా తిన్నారా అని అడిగితే, "నహీ, వ్రత్ హై" అని కాస్త గర్వంగానే చెప్పాను. లోపలికి వెళ్ళి గాజులు తీశాను, గౌను వేసుకున్నాను, బల్ల ఎక్కాను. గొంతులో మందు కొట్టడానికి వచ్చిన నర్సు నా నుదుటి మీద విభూతి చూసి ఆగింది. వ్రతంలో ఏం తీసుకున్నారని అడిగింది. పాలు, రెండు అరటిపళ్ళు అన్నాను. ఆవిడ చేతిలోని సీసా కింద పెట్టేసి డాక్టరుని పిలిచింది.

మేజర్ మేడమ్ కేకలేమీ వేయలేదు. "సత్యవతి జీ, కడుపుకి వ్రతం సంగతి తెలియదు. పాలైనా బిర్యానీ అయినా దానికి ఒకటే" అంది. కడుపులో ఉన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ప్రమాదమట. మధ్యాహ్నానికి పేషెంట్ల లిస్టు నిండిపోయి ఉంది. రెండు వారాల తర్వాత తేదీ రాసిచ్చింది. నేను గాజులు వేసుకుని బయటికొచ్చాను.

మా ఆయన నా చెప్పులూ సంచీ పట్టుకుని గోడ పక్కన నిలబడి ఉన్నారు. "బేగి అయిపోయిందే!" అని మొహం ఇంత చేసుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అంతమంది ముందు తెలుగులో అందుకున్నాను. మీ పాలే కొంప ముంచాయి, ఎవరు కాయమన్నారు మిమ్మల్ని, ఇరవై ఏళ్ళు కాయనివాళ్ళు ఇవాళే కాయాలా అన్నాను. భాష ఎవరికీ అర్థం కాకపోయినా సంగతి అందరికీ అర్థమైంది. ఆయన "నాకు తెల్లేదే, సత్తివతీ" అని నా చెప్పులు నా కాళ్ళ ముందు పెట్టారు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. నేను దాన్ని కథ చేశాను. నేగీ దీదీకి చెప్పాను, ఫోన్లో మా అక్కకి చెప్పాను, యూనిట్ ఆడవాళ్ళ మీటింగులో ఆయన ఆఫీసరు భార్య ముందు చెప్పాను. మా సుబేదార్ సాబ్ జన్మకి ఒక్కసారి పాలు కాచారు, అదీ నా టెస్టు తప్పించడానికి అని. చెప్పిన ప్రతిసారీ ఒక మెలిక పెంచేదాన్ని. అందరూ పడీపడీ నవ్వేవారు. ఆయన అక్కడే ఉంటే ఆయనా నవ్వేవారు. హారిక కూడా, "పాపా, నెట్ పే దేఖ్ లేతే నా!" అని, నెట్‌లో చూసుంటే పోయేది కదా అని ఏడిపించేది.

రెండు వారాల తర్వాత తేదీ వచ్చింది. నేను వెళ్ళలేదు. ఈ మాట నిజంగా చెప్పాలి, ఎందుకంటే ఇది నాకు తప్ప ఎవరికీ సరిగా తెలియదు. ఆ వారం జలుబు చేసిందన్నాను. జలుబు ఉన్నమాట నిజమే, కానీ అది కారణం కాదు. పాలు తాగి వచ్చినావిడ అని ఆ నర్సు నవ్వుతుందేమోనని సిగ్గు. తర్వాత ఆయనకి టెంపరరీ డ్యూటీ మీద రాజస్థాన్ వెళ్ళాల్సి వచ్చింది. తోడు మనిషి లేకుండా రానివ్వరు. నేగీ దీదీ "మై చల్తీ హూ నా, క్యా బడీ బాత్ హై" అని, తోడొస్తానని రెండుసార్లు అడిగింది. వద్దన్నాను. హారిక ప్రీబోర్డు పరీక్ష మానేసి వస్తానంటే దాన్ని కసిరాను. మా ఆయన అక్కడి నుంచి రోజూ ఫోన్ చేసి, "ఎల్లినావేటి?" అనేవారు. మీరొచ్చాకే వెళ్తా, మళ్ళీ ఎవరైనా పాలు పోస్తే కాపలా కావాలి కదా అనేదాన్ని. అలా నవంబరు పోయింది, డిసెంబరు పోయింది.

జనవరిలో వెళ్ళాం. ఎండోస్కోపీలో ఏం జరుగుతుందో అడిగేవాళ్ళ కోసం ఇక్కడ రాస్తాను. ముందు రాత్రి ఎనిమిది తర్వాత నేనేమీ తినలేదు. మా ఆయన కూడా తినలేదు. పొద్దున మంచినీళ్ళు కూడా ముట్టుకోకుండా నా ఎదురుగా సెంట్రీలా కూర్చున్నారు. గొంతులో మందు కొడతారు, చేదుగా ఉంటుంది, కాసేపటికి నాలుక చివర నుంచి గొంతుదాకా మొద్దుబారిపోతుంది. ఉమ్మి మింగుతున్నామో లేదో కూడా తెలియదు. భయం వేసేది అప్పుడే. ఎడమ పక్కకి తిరిగి పడుకోమంటారు. పళ్ళ మధ్య ప్లాస్టిక్ చక్రం పెట్టి బిగిస్తారు, ఇక మాట్లాడడం కుదరదు. నాలాంటి దానికి అదే పెద్ద శిక్ష. గొట్టం గొంతు దాటేటప్పుడు రెండు మూడుసార్లు డోకు వస్తుంది, కళ్ళల్లోంచి నీళ్ళు, నోట్లోంచి చొంగ కారుతుంది. సిగ్గుపడక్కర్లేదు, అక్కడ అందరికీ కారుతుంది. దిండు పట్టుకోవద్దు, గొట్టం అసలే పట్టుకోవద్దు. ముక్కుతో మెల్లగా పొడుగ్గా ఊపిరి తీస్తే డోకు తగ్గుతుంది. కడుపులోకి గాలి ఎక్కిస్తారు కాబట్టి ఉబ్బినట్టుంటుంది, తేన్పులొస్తాయి. చిన్న ముక్క తీస్తారు, అది తెలియనే తెలియదు. విభూతి చూసి ఆగిన ఆ నర్సే ఈసారీ ఉంది. ఆవిడ నవ్వలేదు. నా దవడ కింద చెయ్యి పెట్టి, అయిపోతోంది అమ్మా, అయిపోతోంది అని చివరిదాకా అంటూనే ఉంది. ఈవిడకి భయపడా నేను రెండు నెలలు మానేశానని ఏడుపొచ్చింది. గొట్టం వల్ల అనుకుని ఆవిడ కన్నీళ్ళు తుడిచింది.

తర్వాత గంటసేపు ఏమీ తాగొద్దన్నారు. మేజర్ మేడమ్ నాతో ఏమీ అనలేదు. మా ఆయన్ని లోపలికి పిలిచింది. అప్పుడే నాకు తెలిసిపోయింది. మంచి కబురైతే నాకే చెప్పేది.

ముక్క రిపోర్టుకి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ మేం ముగ్గురం ఇంట్లో చాలా మర్యాదగా మసలుకున్నాం. నేను ఒక్కసారి కూడా గట్టిగా అరవలేదు. హారిక దానికే భయపడిపోయింది, "మమ్మీ, డాంటో నా ముఝే" అంది ఒకరోజు, తిట్టమని. తిట్టబోయాను, ఒక్క మాట కూడా దొరకలేదు. రిపోర్టులో ఉన్న జబ్బు పేరు నేను ఇక్కడ రాయను. స్కాన్ తీశారు, లివర్ మీదకి కూడా వచ్చేసిందన్నారు. ఆపరేషన్ వల్ల లాభం లేదు, మందులతో కొంతకాలం నెట్టుకొద్దాం అన్నారు. కొంతకాలం అంటే ఎంతని అడిగాను. మేజర్ మేడమ్ ఏడాది అనే మాట వాడలేదు, నెలలు అనే మాటే వాడింది.

భయపడ్డాను. ఇప్పటికీ భయపడుతున్నాను. ధైర్యంగా ఉండాలని ఫోన్లు చేసేవాళ్ళ మీద కోపమొస్తుంది. ధైర్యం ఎందుకు, దేనికి? మందు ఎక్కించిన వారం చన్నీళ్ళు తగిలితే వేళ్ళు కరెంటు కొట్టినట్టు లాగుతాయి. ఢిల్లీ చలికాలంలో ప్రతి కొళాయీ నాకు శత్రువే. అన్నం చూస్తే వికారం. అద్దంలో ఉన్న మనిషిని నేను పలకరించడం మానేశాను.

కానీ ఇంట్లో నాకంటే వేగంగా కుంగిపోయినది మా ఆయన. జనవరి నుంచి ఆయన టీలో పాలు వేసుకోవడం లేదు. నేను ముందు గమనించలేదు. పెద్ద స్టీలు గ్లాసుడు చిక్కటి టీ లేనిదే కదలని మనిషి, నల్లటి నీళ్ళు తాగి డ్యూటీకి వెళ్తున్నారు. యూనిట్లో ఎవరో పాపం తెలియక, సుబేదార్ సాబ్ పాలు కాచిన కథ మళ్ళీ ఎత్తారట. ఆయన భోజనం ముందు నుంచి లేచి వెళ్ళిపోయారని నేగీ దీదీ భర్త చెప్పాడు. ఆ కథ అక్కడిదాకా వెళ్ళిందంటే ఎవరు పంపారు? నేనే కదా.

ఒకరోజు హారిక నా పక్కలో దూరి ఏడ్చింది. ఏమిటే అని అడిగాను. "పాపా రోజ్ ముఝ్‌సే నెట్ పే సర్చ్ కరవాతే హై" అంది. ఏం వెతికిస్తున్నారని అడిగాను. కడుపులో ఇది ఉన్నవాళ్ళకి రెండు నెలలు ఆలస్యమైతే ఏమవుతుంది. రోజూ అదే ప్రశ్న, వేరే వేరే మాటల్లో. జవాబు ఎక్కడా సరిగా దొరకడం లేదు, అందుకే మర్నాడు మళ్ళీ వెతకమంటున్నారు.

ఆ రోజు నుంచి నాకు నా చావు రెండో సంగతి అయిపోయింది. నేను పోతాను, సరే. ఈయన మాత్రం ఆ గ్లాసు పట్టుకుని ఇంకో ముప్పై ఏళ్ళు బతకాలి. నన్ను తనే చంపానని అనుకుంటూ బతకాలి. అలా అనుకోవడం ఆయనకి నేర్పింది నేను, నవ్వుతూ, నలుగురిలో. ఆయనతో ఎన్నిసార్లు చెప్పాను, మీ తప్పేం లేదండీ అని. "సరేలే, పడుకో" అంటారు. నా మాట మీద ఆయనకి నమ్మకం పోయింది. రెండు నెలలు అదే నోటితో వేరే మాట చెప్పాను కదా.

అందుకని మూడో విడత మందుకి వెళ్ళినప్పుడు ఆయన మందుల కౌంటర్‌కి వెళ్ళేదాకా ఆగి మేజర్ మేడమ్‌ని పట్టుకున్నాను. నవంబరులోనే గొట్టం వేసుంటే నేను బతికేదాన్నా అని అడిగాను.

ఆవిడ పెన్ను మూత పెట్టింది. "తెలియదు" అంది. "లోపల ఉన్నది నిన్నా మొన్నటిది కాదు, చాలా నెలలది. కానీ ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు. తెలుసంటే అబద్ధమవుతుంది."

"అయితే నవంబరులో చేసినా లాభం లేకపోయేదని ఆ అబద్ధమే మా ఆయనకి చెప్పండి, మేడమ్."

ఆవిడ నా ఫైలు మూసి పక్కన పెట్టింది. తర్వాత, మీరు బయట కూర్చోండి, ఆయన్ని పంపండి అంది.

తలుపు సందులోంచి చూశాను. కూర్చోమన్నా కూర్చోలేదు. చేతులు రెండూ పక్కలకి ఆనించి, పై ఆఫీసరు ముందు నిలబడ్డట్టే నిలబడి "జీ మేడమ్, జీ మేడమ్" అంటున్నారు. ఆవిడ చేతులు తిప్పుతూ ఏదో వివరంగా చెప్పింది. నాలుగు నిమిషాలు పట్టింది. ఆయన సెల్యూట్ చేసి బయటికొచ్చారు.

గేటు దాకా మెల్లగా నడిచాం. నాకు ఆయాసం వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. ఆయన కింద కూర్చుని నా సాక్సు సరిచేస్తూ, తల ఎత్తకుండానే అన్నారు.

"నువ్వే సెప్పించినావు కదా?"

ఆ జలుబు సాకు తప్ప, ఇరవై ఏళ్ళలో ఆయనకి నేను అబద్ధం చెప్పలేదు. నోరెక్కువే గానీ అబద్ధాలు లేవు. "అవునండీ, నానే సెప్పించాను. నమ్మీయండి" అన్నాను.

"నోటిమాట మీద ఎలగ నమ్మమంటావే? మా కాడ ఏదైనా రాతలో ఉండాలి. రాసిస్తేనే ఆర్డరు" అన్నారు. నన్ను నవ్విద్దామనే అన్నారు. నవ్వు ఆయనకే రాలేదు. యూనిఫారంలో ఉన్న మనిషి, దారిన పోయేవాళ్ళంతా చూస్తుండగా, నా మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చారు. నేను ఆయన టోపీ తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చాక హారిక పాత నోటుబుక్కులో ఖాళీ పేజీలు చింపుకుని ఇది మొదలుపెట్టాను. మీరెవరైనా ఎండోస్కోపీకి వెళ్తుంటే మంచినీళ్ళ దగ్గర నుంచి అన్నీ అడిగి తెలుసుకోండి, ఇచ్చిన తేదీ తప్పకండి, సిగ్గుపడి ఇంట్లో కూర్చోకండి. మీకు చెప్పాల్సింది అంతే. మిగతాదంతా ఒక్క మనిషి కోసం రాశాను.

ఏమండీ, మే నుంచి అక్టోబరు దాకా ఆసుపత్రికి రానన్నది నేను. రెండో తేదీకి వెళ్ళనిదీ, తోడొస్తానన్న దీదీని వద్దన్నదీ నేనే. మీవల్ల పోయినవి రెండు వారాలు, నావల్ల పోయినవి ఏడు నెలలు. రాసిచ్చాను, కింద సంతకం కూడా పెడుతున్నాను. ఇకనైనా నమ్మండి.

సత్యవతి